తాత, బాన్ స్కాట్, ఎగ్జాస్ట్ ఫ్యాను

వేడి వేడి చిప్స్ మీద మాల్ట్ వెనిగర్ చల్లితే ఒక వాసన లేస్తుంది. పుల్లగా, ఘాటుగా, ముక్కులోంచి నేరుగా కళ్ళలోకి ఎక్కే వాసన. దానికి చేపల బుట్టల నీచు, పడవల డీజిలు, ఉప్పుగాలి కలిస్తే నా లెక్కలో అది ఫ్రీమాంటిల్, ఆస్ట్రేలియాలో పెర్త్ పక్కనుండే రేవు ఊరు.

మొన్న ఫిబ్రవరిలో, చాలా ఏళ్ళ తర్వాత, మళ్ళీ పెర్త్ వెళ్ళాను. అప్పటి రూమ్మేట్ ఒకడు, వరంగల్ వాడు, సొంతిల్లు కట్టుకున్నాడు. "నువ్వు రాకుంటే పాలు పొంగియ్య" అని బెదిరించాడు. వెళ్ళాను, పాలు పొంగాయి, హోమం పొగకి ఇంట్లో ఉన్న స్మోక్ అలారాలన్నీ ఒకేసారి మోగాయి, పంతులుగారు మంత్రం ఆపకుండానే కిటికీలు తెరవమని చేత్తో సైగ చేశారు. ఆ పొగ గొడవలో దగ్గుకుంటూ వాడు నా వైపు తిరిగి "తాత యాదికొస్తుండా?" అన్నాడు. తలూపాను.

మర్నాడు ఒక్కణ్ణే రైలెక్కి ఫ్రీమాంటిల్ పోయాను. స్టేషన్లో దిగితే ఏమీ అనిపించలేదు. సున్నపురాయి గోడలు, మార్కెట్టు, కాఫీ షాపుల వీధి, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, నేనే ఎవరి ఊళ్ళోనో నడుస్తున్నట్టుంది. ఫిషింగ్ బోట్ హార్బర్ దగ్గర రైలు పట్టాలు దాటగానే ఆ వెనిగర్ వాసన కొట్టింది. అంతే, నా చేతులు వాటంతటవే నడుం వెనక్కి వెళ్ళి ఏప్రాన్ ముడి వెతుక్కున్నాయి.

* * *

అప్పట్లో మేం నలుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలకు మించి పని చెయ్యకూడదన్నది అప్పటి రూలు. ఫీజు గుర్తొస్తే ఇరవై గంటలు చాలవు, రూలు గుర్తొస్తే నిద్ర పట్టదు. నాకు హార్బర్‌లో ఒక చేపల కొట్టులో పని దొరికింది. దాని పేరు చెప్పను, ఆ ఓనరు లెక్కలో నా గంటలు ఎప్పుడూ ఒకటి తక్కువే వచ్చేవి. నా హోదా కిచెన్ హ్యాండ్. వినడానికి బానే ఉంటుంది. చేసేది మాత్రం గిన్నెలు తోమడం, బంగాళాదుంపలు చెక్కడం, ఫ్రయర్లో నూనె వడకట్టడం, రాత్రి నేల కడగడం. కాకినాడలో మా ఇంట్లో తిన్న కంచం తీసిన పాపాన పోలేదు నేను. అమ్మకి ఫోన్లో "రెస్టారెంట్‌లో పార్ట్ టైం" అని చెప్తే, ఆవిడ చుట్టాలందరికీ మావాడు హోటల్ మేనేజరని చెప్పుకుంది. ఇప్పటికీ మా మేనత్తకి అదే తెలుసు.

ఎండాకాలం ఆ వంటిల్లు నరకం. పొద్దున్నంతా తూర్పు నుంచి ఎడారి గాలి, లోపల నాలుగు ఫ్రయర్లు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి చల్లగాలి మొదలయ్యేది. దాన్ని అక్కడ "ఫ్రీమాంటిల్ డాక్టర్" అంటారు, నిజంగానే ఆ పేరే. డాక్టరు వచ్చాడా అని వంటింట్లోంచి అరిస్తే, బయట బల్లలు తుడిచే పిల్ల, నేప్‌కిన్లు ఎగిరిపోతున్నాయి, వచ్చాడు అనేది. ఊరి పేరు కూడా ఎవరూ పూర్తిగా పలకరు. ఫ్రీయో అంటారు.

ఫ్రయర్ దగ్గర నిలబడే పెద్దాయన మాకు బాసు. అరవై దాటినట్టున్నాడు, పొట్టి మనిషి, రెండు ముంజేతుల మీదా నూనె చింది మానిన మచ్చలు, చిన్న చిన్న గుండ్రాలు, అట్టు మీద బొక్కల్లాగా. ఆయన్ని మేం మాలో మేం తాత అనుకునేవాళ్ళం. ఒకరోజు నోరుజారి మొహం మీదే "తాతా" అని పిలిచాను. ఆయన గడియారం చూసి, నీకింకా రెండు గంటలుందిగా అప్పుడే టాటా ఏంటి అన్నాడు. అక్కడ టాటా అంటే వెళ్ళొస్తా అని. అర్థం చెప్పాక చాలా సంతోషపడ్డాడు. ఆ తర్వాత ఆయనే తన పేరు ఉన్న లాకరు మీద మార్కరుతో ఇంగ్లీషు అక్షరాల్లో టాటా అని రాసుకున్నాడు.

తాత పక్కన ఒక టేప్ రికార్డరు ఉండేది. పిండి పట్టి పట్టి బటన్ల మీద గుర్తులు పోయాయి. సీడీలు కూడా పాతబడుతున్న కాలంలో ఆయన క్యాసెట్లు పెట్టేవాడు. పనిలో చేరిన మొదటి వారం నన్ను అడిగాడు, నీకు ఏసీ డీసీ తెలుసా అని. నేను చదివింది ట్రిపుల్ ఈ. తెలుసండీ, ఆల్టర్నేటింగ్ కరెంట్, డైరెక్ట్ కరెంట్ అని చెప్పాను. ఆయన నవ్వి నవ్వి చేతిలో చేప ముక్క పిండి గిన్నెలో వదిలేశాడు.

ఆయన అడిగింది ఏసీ డీసీ అనే రాక్ బ్యాండు గురించి. అయితే నేను మరీ అంత తప్పు చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆ బ్యాండు పెట్టింది మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అనే అన్నదమ్ములు. గ్లాస్గో నుంచి చిన్నప్పుడే సిడ్నీకి వలసొచ్చిన కుటుంబం. 1973లో బ్యాండుకి పేరు వెతుకుతుంటే వాళ్ళ అక్క మార్గరెట్, కుట్టుమిషను మీద కరెంటు గురించి రాసిన ఆ నాలుగు అక్షరాలు చూపించిందట. ఆంగస్ ఇప్పటికీ స్టేజి మీద వేసుకునే స్కూలు యూనిఫారం ఆలోచన కూడా ఆవిడదే. మా అమ్మ ఉషా మిషను మీద కుట్టేటప్పుడు పక్కన కూర్చుని నేనూ అక్షరాలు చదివేవాణ్ణి, నాకేం ఆలోచన రాలేదు. అది కాలితో తొక్కే మిషను లెండి.

* * *

ఇప్పుడు ఎగ్జాస్ట్ సంగతి చెప్పాలి.

ఫ్రయర్ల మీద పెద్ద హుడ్డు, దానిలో ఫ్యాను. అది తిరుగుతుంటే రైసు మిల్లులో నిలబడి మాట్లాడుకున్నట్టే. మేం సగం మాటలు పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్ళం. ఆ రొదలో తాత పెట్టిన పాటల్లో నాకు వినపడేది డ్రమ్ము, ఎవడో గొంతు చించుకుంటున్నాడన్న సమాచారం, అంతే. కానీ ఒక్క పాట వచ్చినప్పుడు, అదీ ఓనరు కొట్లో లేనప్పుడు, తాత చెయ్యి పైకి చాచి ఎగ్జాస్ట్ స్విచ్చి ఆపేసేవాడు.

ఒక్కసారిగా నిశ్శబ్దం. నూనె చిటపట, ఫ్రిజ్ మోటారు, బయట సీగల్ పక్షుల గోల, అన్నీ వినపడేవి. వాటి మధ్యలోంచి ఆ పాట. పేరు "ఇట్స్ ఎ లాంగ్ వే టు ద టాప్". పైకి వెళ్ళే దారి చాలా దూరం అని. గిటారు మీద ఒకటే ముక్క మళ్ళీ మళ్ళీ, ఆ కొంటె గొంతు, కాసేపటికి మధ్యలో స్కాట్లాండ్ వాళ్ళు ఊదే బ్యాగ్‌పైపులు దూకుతాయి. రాక్ పాటలో బ్యాగ్‌పైపులు! ఆ భాగం అయ్యేదాకా ఫ్యాను వెయ్యడు. ఈలోగా నీలంగా పొగ కిందికి దిగేది, మా కళ్ళలో నీళ్ళు, అందరం దగ్గు, కౌంటరు దగ్గర కస్టమర్లు లోపలికి తొంగి చూడటం. పాట అయిపోగానే స్విచ్చి వేసి, ఏమీ జరగనట్టు చేపలు తిప్పేవాడు.

మొదటిసారి ఆ బ్యాగ్‌పైపులు విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పాట గొప్పదనం వల్ల కాదు. ఆ శబ్దం నాకు తెలుసు.

పిఠాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో వీధి భాగవతం వాళ్ళు వస్తే రామాలయం ముందు రాత్రంతా ఆట. పెట్రోమాక్స్ లైటు, గోనెపట్టాల మీద మేం, నిద్రకి తూలుతూ. ఆ మేళంలో ఒకాయన వెనకాల నిలబడి చంకలో మేకతోలు తిత్తి పెట్టుకుని శ్రుతి ఊదేవాడు. ఆయనకి వేషం లేదు, మాట లేదు, ఎవరూ ఆయన వైపు చూడరు. పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా తిత్తి ఆగదు. ఒకటే నాదం, తేనెటీగల తుట్టె లాగా. నిద్రలోకి జారేటప్పుడు చివరికి మిగిలేది అదే. ఇప్పుడు ఆ మేళాలూ లేవు, తిత్తి ఊదేవాళ్ళు ఉన్నారో లేదో కూడా.

మాకూ ఉంది ఇది, మేక చర్మంతో చేస్తారు అని తాతకి చెప్తే నమ్మలేదు. ఆర్డర్లు రాసే చీటీ వెనక బొమ్మ వేసి చూపించాను, తల లేని మేకని చంకలో పెట్టుకున్న మనిషి. నా బొమ్మలు అంతంతమాత్రం, అది చూస్తే హత్య జరుగుతున్నట్టుంది. తాత దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించాడు. నేను మానేసేదాకా అక్కడే ఉంది, నూనె తాగి పారదర్శకంగా అయిపోయి.

* * *

ఆ గొంతు ఏసీ డీసీ గాయకుడు బాన్ స్కాట్‌ది. అసలు పేరు రొనాల్డ్ బెల్‌ఫర్డ్ స్కాట్. అప్పట్లో ఫ్రీయోలో యాభై దాటిన ప్రతి మగాడూ బాన్‌తో కలిసి ఒకసారైనా తాగానని చెప్పేవాడు. ఆ లెక్కన ఆయనకి పాటలు పాడే తీరిక ఉండకూడదు. మా తాత ఒక్కడే ఎప్పుడూ కలిశానని చెప్పలేదు. అందుకే ఆయన చెప్పినవి నేను నమ్మాను, తర్వాత చదివితే చాలావరకు సరిపోయాయి కూడా.

దుంపలు చెక్కేటప్పుడు చెప్పేవాడు, ముక్కలు ముక్కలుగా, రోజుకింత. బాన్ 1946లో స్కాట్లాండ్‌లో పుట్టాడు, ఆరేళ్ళప్పుడు వాళ్ళ కుటుంబం మెల్‌బోర్న్ శివారు సన్‌షైన్‌కి వలసొచ్చింది. స్కూల్లో ఆ స్కాటిష్ యాస విని పిల్లలు తంతామని బెదిరించారు. స్కాట్లాండ్‌ని బానీ స్కాట్లాండ్, అంటే అందాల స్కాట్లాండ్ అంటారు, అక్కణ్ణుంచొచ్చాడు గనక బానీ అని ఏడిపించేవాళ్ళు, అదే చివరికి బాన్ అయింది. ఏడిపించడానికి పెట్టిన పేరునే జీవితాంతం పెట్టుకున్నాడు. ఇది విన్న రోజు మా రూమ్‌లో పెద్ద చర్చ. వరంగల్ వాణ్ణి క్లాసులో ఎవరో యాస గురించి వెక్కిరించారు. వాడు "నా తెలుగునే మీ ఆంధ్రోళ్ళు ఎక్కిరిస్తరు, ఇగ ఇంగ్లీషు ఎంత" అన్నాడు. మాకు నోరు పెగల్లేదు.

పదేళ్ళప్పుడు బాన్ వాళ్ళు ఫ్రీమాంటిల్ వచ్చారు. నాన్న పైప్ బ్యాండులో, అంటే బ్యాగ్‌పైపులూ డ్రమ్ములూ వాయించే మేళంలో ఉండేవాడు, కొడుకు కూడా గళ్ళ కిల్టు, అంటే స్కాట్లాండ్ మగాళ్ళ లంగా, కట్టి అందులో చేరాడు, మెడకి వేలాడే డ్రమ్ము వాయించడానికి. పదిహేనేళ్ళకి చదువు మానేశాడు. పొలం పని, తర్వాత క్రే పడవల మీద పని. క్రే అంటే ఆ తీరంలో దొరికే పెద్ద జీవి, మన రొయ్యకి పెదనాన్న అనుకోండి. తర్వాత తూకం యంత్రాలు బాగుచేసే పని. మధ్యలో పెట్రోలు దొంగతనం, పోలీసులకు తప్పుడు పేరు చెప్పడం, ఇంకో బరువైన కేసు, పిల్లల జైల్లో కొన్ని నెలలు. తాత ఇదేమీ దాచేవాడు కాదు. సైన్యంలోకి కూడా తీసుకోలేదు, సమాజంలో ఇమడడని రాసి పంపేశారు. పోస్ట్‌మ్యాన్‌గా కొన్నాళ్ళు, బారులో కొన్నాళ్ళు.

పాటల సంగతీ అంతే, ఒకదాని తర్వాత ఒక బ్యాండు. స్పెక్టర్స్‌లో డ్రమ్ము వాయించాడు, అప్పుడప్పుడు పాడాడు. వాలెంటైన్స్ అని ఒక బ్యాండు, అందులో విన్స్ లవ్‌గ్రోవ్‌తో కలిసి ఇద్దరూ ముందు నిలబడి పాడేవాళ్ళు, చక్కగా దువ్వుకున్న కుర్రాళ్ళు. ఆ తర్వాత అడిలైడ్‌లో ఫ్రాటర్నిటీ, అప్పటికి గడ్డం పెంచేశాడు. ఇంగ్లండ్ వెళ్ళారు, అక్కడ ఎవరూ పట్టించుకోలేదు, తిరిగొచ్చారు. అడిలైడ్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో పని చేశాడు. ఈ ముక్క దగ్గర నేను దుంప చెక్కడం ఆపాను. కాకినాడ వాణ్ణి కదా, ఎరువుల ఫ్యాక్టరీ గాలి ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

1974 మే నెలలో ఒక రాత్రి తాగి, గొడవపడి, మోటారుసైకిలు మీద వెళ్ళి గుద్దుకున్నాడు. మూడు రోజులు కోమాలో ఉన్నాడు. బతికి బయటపడ్డాక పాత దోస్తు లవ్‌గ్రోవ్ జాలిపడి తన ఆఫీసులో పోస్టర్లు అంటించే పని, రంగులు వేసే పని ఇచ్చాడు. అదిగో ఆ పని చేస్తుండగా, లవ్‌గ్రోవ్ ద్వారానే, అడిలైడ్ వచ్చిన ఆ అన్నదమ్ముల బ్యాండు తగిలింది. అప్పటికి బాన్‌కి ఇరవై ఎనిమిది. ఆంగస్‌కి పంతొమ్మిది.

"ఇరవై ఎనిమిది" అని తాత నా వైపు చూసి కత్తి ఊపేవాడు. నాకు అప్పుడు ఇరవై నాలుగు, రెండు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో చెప్పలేదు. ఆయనకి ఆ విషయం తెలీదు. తెలుసేమో.

* * *

బ్యాగ్‌పైపుల కథ తాతకి చాలా ఇష్టం, నెలకోసారి చెప్పేవాడు. సిడ్నీలో రికార్డింగులు చూసుకునేది యంగ్‌ల అన్న జార్జ్, హ్యారీ వాండా. వీళ్ళిద్దరూ అప్పటికే ఈజీబీట్స్ బ్యాండుతో పేరు తెచ్చుకున్నవాళ్ళు. బాన్ చిన్నప్పుడు పైప్ బ్యాండులో ఉండేవాడని జార్జ్‌కి తెలుసు, ఈ పాటలో బ్యాగ్‌పైపులు పెడదాం, నువ్వు ఊదు అన్నాడు. తీరా చూస్తే ఈయన ఆ బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు, పైపు ఎప్పుడూ ముట్టుకోలేదు! అయినా కొని, కూర్చుని నేర్చుకున్నాడు. ఆ తర్వాత స్టేజి మీద వాటిని శ్రుతిలో ఉంచడం ఒక యాతన. చివరికి ఒక షోలో పక్కన పెడితే అభిమానులు ముక్కలు ముక్కలు చేశారట.

ఆ పాట వీడియో ఇప్పటికీ చూడొచ్చు. 1976 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ వీధిలో, పక్కలు లేని లారీ మీద బ్యాండు, కిల్టులు కట్టిన నిజం పైపర్లు, లారీ మెల్లగా పోతుంటే ఫుట్‌పాత్ మీద జనం, ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్ళు, ఏం జరుగుతోందో తెలియని మొహాలు. మా కాకినాడలో వినాయక నిమజ్జనం లారీ చూసినవాడికి ఇందులో వింతేమీ లేదు. బాన్ చంకలో తిత్తి పెట్టుకుని నవ్వుతుంటాడు. ఆ నవ్వు చూడండి. పాటలో చెప్పేదంతా దోచుకోవడాలు, దెబ్బలు తినడాలు, చిల్లర డబ్బులు. మనిషి మాత్రం పెళ్ళి ఊరేగింపులో ఉన్నట్టు ఉంటాడు.

అన్ని పాటలూ ఇలాంటివని చెప్పను. ఆడవాళ్ళ గురించి ఆయన రాసినవి కొన్ని ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటాయి, అప్పుడూ ఉండే ఉంటాయి. మా బల్లలు తుడిచే పిల్ల ఒక పాట రాగానే "తాతా, ఇది తీసెయ్" అనేది, తాత మారుమాట లేకుండా ముందుకి తిప్పేవాడు. ఆ క్యాసెట్టులో అక్కడ టేపు అరిగి గొంతు బొంగురుపోయేది.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. బాన్ ఎక్కడికి వెళ్ళినా ఉత్తరాలు రాసేవాడు. ఇంగ్లండ్, అమెరికా, ఏ ఊళ్ళో ఏ హోటల్లో ఉన్నా కూర్చుని స్నేహితులకీ ఇంటికీ రాయడం, రాసిన ఉత్తరాలు చాలామంది దాచుకున్నారు. అన్ని మైళ్ళు తిరిగే మనిషి, రాత్రి షో అయ్యాక, తాగాక, ఎప్పుడు రాసేవాడో. నేను ఆదివారం ఆదివారం ఫోన్ కార్డు గీకి పదకొండు నిమిషాలు మాట్లాడేవాణ్ణి, అందులో ఆరు నిమిషాలు ఏం తిన్నావ్ అనే ప్రశ్నకి అబద్ధాలు.

* * *

1979లో "హైవే టు హెల్" ఆల్బం వచ్చింది, అమెరికాలో పేరు మోగింది. 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో బాన్, రాత్రంతా తాగి, ఒక స్నేహితుడి కారులో నిద్రపోయి, ఇక లేవలేదు. ముప్ఫై మూడేళ్ళు. ఆ బ్యాండులో ఉన్నది ఐదేళ్ళ చిల్లర. కొత్తగా బ్రయన్ జాన్సన్‌ని తీసుకుని అదే సంవత్సరం జులైలో "బ్యాక్ ఇన్ బ్లాక్" తెచ్చారు, నల్ల అట్ట, బాన్‌కి సంతాపం. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన ఆల్బంలలో అదొకటి. బ్రయన్ ఇన్నేళ్ళలో బాన్ పాటలు ఎన్నో పాడాడు గానీ ఆ బ్యాగ్‌పైపుల పాట మాత్రం స్టేజి మీద పాడడు. అది బాన్‌ది అని వదిలేశాడు. ఈ మాట చెప్పేటప్పుడు తాత గొంతు మారేది.

బాన్ బూడిద ఫ్రీమాంటిల్ శ్మశానంలో ఉంది. ఏటా ఫిబ్రవరి 19కి జనం వస్తారు, ఎక్కడెక్కడి నుంచో. విస్కీ సీసాలు, బీరు డబ్బాలు, గిటారు మీటే ప్లాస్టిక్ ముక్కలు పెట్టి వెళ్తారు. 2006లో బాన్ అరవయ్యో పుట్టినరోజుకి ఎవరో ఆ కంచు పలకనే ఊడబీక్కుపోయారు, మళ్ళీ చేయించి పెట్టారు. తాత నన్ను ఒక ఏడు తీసుకెళ్ళాడు. ఆయన పట్టుకొచ్చింది జింజర్ బీరు, మందు కాదు, అల్లం సోడా. వాడు పోయింది దాంతోనే కదా, మళ్ళీ అదే తెచ్చి పోస్తారేంటి వెధవలు అని గొణిగాడు. తాత తాగడు. ఒకప్పుడు తాగేవాడని, ఎందుకు మానాడో అడగొద్దని ముందే నాకు చెప్పి ఉంచారు వంటింట్లో.

నేనున్నప్పుడే 2008లో హార్బర్‌లో విగ్రహం పెట్టారు. గ్రెగ్ జేమ్స్ చేసిన కంచు విగ్రహం, మైకు పట్టుకుని, స్పీకరు పెట్టె మీద నిలబడ్డట్టు. మా ఊళ్ళో విగ్రహాలన్నీ చెయ్యెత్తి దారి చూపిస్తాయి, ఇదేమో చొక్కా గుండీలు విప్పుకుని ఉంది. ఆవిష్కరణ రోజు కొట్టు కిటకిట, చిప్స్ కోసం బారులు. మేం లోపలే ఉండిపోయాం. బయట బాన్ పాటలు, చప్పట్లు, మాకు ఎగ్జాస్ట్ రొద. ఓనరు కౌంటరు దగ్గర డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ పాట మొదలైందని గోడలోంచి వచ్చే అదురుని బట్టి తాత పసిగట్టాడు. ఓనరు వైపు చూశాడు, స్విచ్చి వైపు చూశాడు, ఆపేశాడు. ఆ తర్వాత జరిగిన తిట్ల వర్షంలో నాకు కొన్ని కొత్త ఇంగ్లీషు మాటలు తెలిశాయి. తాత మాత్రం పాట అయ్యేదాకా స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, పొగలో.

* * *

చదువయ్యాక ఇండియా వచ్చేశాను. తాత ఈమెయిళ్ళు రాసేవాడు, అన్నీ పెద్దక్షరాల్లో, అరుస్తున్నట్టు. తర్వాత వాట్సాప్ నేర్చుకున్నాడు.

2020 మార్చి 1న వీడియో కాల్ వచ్చింది. నేను హైదరాబాద్‌లో నిద్రమొహంతో ఎత్తాను. వెనకాల సముద్రంలా జనం. పెర్త్‌లో కెనింగ్ హైవే పది కిలోమీటర్లు మూసేసి, లారీల మీద బ్యాండులెక్కి ఏసీ డీసీ పాటలు వాయించుకుంటూ పోతున్నాయి. బాన్ బూడిద ఆ శ్మశానంలో పెట్టి సరిగ్గా నలభై ఏళ్ళయిన రోజు. "హైవే టు హెల్" పాట ఆ రోడ్డు గురించే అని ఊరంతా నమ్ముతుంది, కాదు, టూర్లలో పడ్డ పాట్ల గురించి అనేవాళ్ళూ ఉన్నారు. లక్షన్నర మంది వచ్చారని మర్నాడు పేపర్లు రాశాయి. ఆ రోడ్డు మీద బస్సులో కునికిపాట్లు పడుతూ పనికెళ్ళినవాణ్ణి, అదే రోడ్డు అలా చూస్తే గుర్తుపట్టలేకపోయాను. తాత ఏదో చెప్తున్నాడు, ఏమీ వినపడలేదు. ఫోన్ లారీ వైపు తిప్పాడు. ఒకటే రొద. అయినా కట్ చెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను.

మూడు వారాలకి లోకమంతా తలుపులు వేసుకుంది. ఆ తాళాలు ఇంకా పూర్తిగా తియ్యకముందే ఆయన పోయాడు, కరోనా కాదు, గుండె. వరంగల్ వాడు మెసేజి పెట్టాడు. నేను అప్పుడు ఆఫీసు కాల్‌లో ఉన్నాను, మ్యూట్‌లో.

* * *

మొన్న శ్మశానానికి కూడా వెళ్ళాను. ఫిబ్రవరి 19కి ఇంకా రెండ్రోజులుంది, అప్పటికే నాలుగు డబ్బాలు, ఒక సీసా, ఎండిపోయిన పూలు. జింజర్ బీరు కొనుక్కుని వెళ్ళాను గానీ ఆ ఎండలో నడిచి వెళ్ళేసరికి సగం నేనే తాగేశాను. మిగతా సగం అక్కడ పెట్టాను. తాత చూస్తే తిట్టేవాడు, లేదా మూత పెట్టమనేవాడు, చీమలు పడతాయని.

హార్బర్‌లో కొట్టు పేరు మారింది. రంగులు మారాయి, ఓనరు మారాడు, రేట్లు చూస్తే గుండె ఆగింది. కౌంటరు వెనక ఒక కుర్రాడు, నేపాలీ అనుకుంటా, ఏప్రాన్ మెడ దగ్గర ముడేసుకున్నాడు, పొడుగు సరిపోక. ఉప్పా, వెనిగరా అని అడిగాడు. రెండూ అన్నాను. వెనక వంటిల్లు కనపడుతోంది. ఫ్రయర్లు కొత్తవి, హుడ్డు మాత్రం అదే, మూల సొట్ట నాకు తెలుసు, నేనే నిచ్చెన తగిలించాను. అదే రొద. దాని కింద ఎక్కడో రేడియోలో ఏదో మోగుతోంది, డ్రమ్ము ఒక్కటే తెలుస్తోంది.

స్విచ్చి అక్కడే ఉంది, ఎర్రది, కుర్రాడి భుజం మీదుగా కనపడుతోంది. ఒక్క నిమిషం అది ఆపవా అని అడుగుదామనుకున్నాను. వెనక లైను పెరుగుతోంది. నా చిప్స్ వచ్చాయి, పొట్లం వేడికి వేళ్ళు కాలుతున్నాయి. కుర్రాడు "టా" అన్నాడు, థ్యాంక్స్ అని. నేనూ టా అన్నాను, ఇంకో అక్షరం నాలుక చివరిదాకా వచ్చింది.